జిప్సీకి పికప్ కమాన్ కట్టలు వేయించమంటున్నారు, వేయించనా?

ప్రశ్న: అన్నా, మాది పాడేరు దగ్గర. 2005 మోడల్ జిప్సీ కింగ్ హార్డ్ టాప్ ఉంది. కాఫీ తోటలకి వెళ్లే మట్టిదారి వానలకి గాళ్లు పడి, మధ్యలో దిబ్బ మిగిలిపోతుంది, అక్కడ బండి కింద తగులుతోంది. వారంలో ఒకటి రెండు సార్లు బస్తాలు వేస్తాను, మిగతా రోజులు ఖాళీయే. గాజువాక ఆటోనగర్‌లో ఒక మెకానిక్ దగ్గర పాత బొలెరో పికప్ వెనక కమాన్ కట్టలు (ఇనుప పట్టీలు పేర్చిన లీఫ్ స్ప్రింగులు) ఉన్నాయి. అవి వెనక వేసి, ముందు షాకిళ్లు (కట్ట కొనని ఛాసిస్‌కి కలిపే ఊగే లింకులు) పొడవువి పెడితే మూడంగుళాలు లేస్తుందట, పది వేలలో పని అయిపోతుందట. డబ్బు సరిపోకపోతే మొదట వెనక మాత్రమే వేయించుకో అని కూడా అన్నాడు. వేయించనా?

సమాధానం: తమ్ముడూ, ఆ కట్టలు వద్దు.

వేరే బండి కట్టలు వేయడమే తప్పని నేను అనను. ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ కొనలేని వాళ్లు, కొనగలిగినా ఆ ధరకి మనసొప్పని వాళ్లు ఎన్నో దేశాల్లో చేస్తున్న పనే ఇది, కొలతలు కుదిరితే కిట్ కంటే మెత్తగా పోయే బండ్లు కూడా ఉన్నాయి. నీ మెకానిక్ ఏరిన కట్టే తప్పు. టన్నుకు పైగా సరుకు మోయడానికి చేసిన పికప్ కట్టని, మొత్తం కలిపి టన్ను అటూ ఇటూగా తూగే జిప్సీ కింద పెడతానంటున్నాడు. ఎత్తు వస్తుంది, ఆ మాట నిజమే. ఆ ఎత్తు ఎక్కడినుంచి వస్తోందో తెలిస్తే నువ్వే వద్దంటావు.

దానికంటే ముందు ఒక పని చెయ్యి. ఈసారి తోట నుంచి వచ్చాక బండి కింద దూరి, ఎక్కడ మట్టి రాసుకుపోయి ఇనుము మెరుస్తోందో చూడు. డిఫరెన్షియల్ హౌసింగ్ (యాక్సిల్ మధ్యలో ఉండే గుండ్రటి ఉబ్బు) అడుగున మెరుస్తోందా, గేర్‌బాక్స్ వెనక విడిగా వేలాడే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకి పవర్ పంచేది) దగ్గరా, సైలెన్సర్ పైపు దగ్గరా, ఛాసిస్ దగ్గరా? ఇది తెలియకుండా కట్టల మీద డబ్బు పెట్టడం దండగ. ఎందుకంటే హౌసింగ్ చక్రాలకి బిగించి ఉంటుంది, కట్టలకి పైన కాదు. నువ్వు బాడీని మూడంగుళాలు లేపినా, ఆరంగుళాలు లేపినా హౌసింగ్‌కీ నేలకీ మధ్య దూరం ఒక్క మి.మీ. కూడా పెరగదు. అది పెరగాలంటే పెద్ద టైరే దారి. కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు ఎత్తు లెక్క ప్రకారం 668 మి.మీ., 215/75 ఆర్15 అయితే 703 పైన. అందులో సగం, అంటే సుమారు 18 మి.మీ., హౌసింగ్ పైకి లేస్తుంది. వినడానికి చిన్నదే కానీ కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్సే 210 మి.మీ. అయినప్పుడు దిబ్బ మీద ఆ 18 బాగానే తెలుస్తుంది. స్పీడోమీటర్ 5 శాతం తక్కువ చూపిస్తుంది, అది గుర్తుంచుకుంటే చాలు. ట్రాన్స్‌ఫర్ కేసో ఛాసిస్సో తగులుతుంటే మాత్రం కట్టల గురించి మాట్లాడుకోవడంలో అర్థం ఉంది.

ఇక అసలు సంగతి. ఒక చిన్న లెక్క వేద్దాం, అంకెలు వివరించడానికే, నీ బండివి నువ్వు కొలుచుకోవాలి. ఖాళీ జిప్సీలో వెనక ఒక్కో కట్ట మీద 200 కిలోలు పడుతున్నాయనుకో. నీ కట్ట 4 కిలోలకి ఒక మి.మీ. చొప్పున వంగుతుందనుకుంటే, బండి 50 మి.మీ. దిగి నిలబడుతుంది. పికప్ కట్ట ఒక మి.మీ. వంగాలంటే 10 కిలోలు కావాలనుకో, అదే బరువుకి అది 20 మి.మీ. దిగి ఆగిపోతుంది. తేడా 30 మి.మీ., అంగుళం పైమాటే. పక్కన నిలబడి చూస్తే బండి లేచినట్టు కనిపిస్తుంది, కట్ట వంగనని మొరాయిస్తే వచ్చిన ఎత్తు అది.

దాని ఫలితం గాళ్లలో తెలుస్తుంది. ఒక చక్రం గుంటలోకి జారినప్పుడు ఆ వైపు కట్ట ముందు తాను వంగి ఉన్నంత మేరా విచ్చుకుంటుంది, చక్రాన్ని నేలకి నొక్కి పెడుతుంది. నీ పాత కట్ట 50 మి.మీ. వరకు ఆ పని చేస్తుంది. పికప్ కట్ట 20 దగ్గరే ఒత్తిడి వదిలేస్తుంది, ఆ తర్వాత చక్రం గాల్లో ఊరికే తిరుగుతుంది. జిప్సీకి నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లినా, ముందు ఒకటీ వెనక దానికి ఎదురు మూలది ఒకటీ గాల్లో ఉంటే మామూలు డిఫరెన్షియల్ ఆ పవర్‌ని గాల్లో చక్రాలకే ఇస్తుంది, బండి అక్కడే నిలబడిపోతుంది. ఇప్పుడు కింద గీసుకుంటూనైనా దాటుతున్న దిబ్బ దగ్గర, ఎత్తు పెంచాక ఇరుక్కుపోయే అవకాశం ఉంది. ఖాళీ బండి ఊగే వేగం కూడా మారుతుంది: 50 మి.మీ. దిగే కట్ట మీద సెకనుకి 2.2 సార్లు ఊగితే, 20 దిగే కట్ట మీద 3.5 సార్లు. అంటే పళ్లు కదిలేలా. వారంలో ఎక్కువ రోజులు ఖాళీగా తిరుగుతానన్నావు కదా, నడుము సంగతి ఆలోచించుకో.

మెకానిక్ చెప్పిన మూడంగుళాల మీద నాకు ఇంకో అనుమానం ఉంది. చాలా బండ్లలో కమాన్ కట్ట యాక్సిల్ మీద కూర్చుంటుంది, అక్కడ పట్టీలు ఎక్కువైతే ఆ మందం కూడా ఎత్తులో కలుస్తుంది, మధ్యలో ఇనుప దిమ్మ పెట్టి లేపడం కూడా కుదురుతుంది. జిప్సీలో తిరగేసి ఉంటుంది, కట్ట యాక్సిల్ కింద వేలాడుతుంది. అన్నిటికంటే పొడవైన మెయిన్ పట్టీ పైన యాక్సిల్‌కి ఆనుకుని ఉంటుంది కాబట్టి కింద ఎన్ని పట్టీలు చేర్చినా ఆ మందం ఎత్తుకి కలవదు, పైగా ఆ లావు కట్టా దాని యూ బోల్టుల ప్లేటూ ఇంకా కిందికి దిగి చక్రం పక్కనే రాళ్లకి కొట్టుకుంటాయి. దిమ్మ పెడితే బండి లేవకపోగా దిగుతుంది. పికప్‌లో చూసిన ఎత్తుని జిప్సీకి అంటగట్టి చెప్పాడేమో అడిగి చూడు.

మరి వేరే బండి కట్ట పనికొస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి? పట్టీలు లెక్కపెట్టి కాదు. నాలుగు పట్టీల కట్ట ఆరు పట్టీల కట్ట కంటే గట్టిగా ఉండొచ్చు, ఎందుకంటే గట్టిదనం పట్టీ మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, పొడవు ఘనాన్ని బట్టి తగ్గుతుంది. 6 మి.మీ. పట్టీ బదులు 7 మి.మీ. పట్టీ వేస్తే మిగతావన్నీ అవే ఉన్నా దాదాపు 59 శాతం గట్టిపడుతుంది. అదే మందంలో 10 శాతం పొడవైన కట్ట 25 శాతం మెత్తబడుతుంది. అందుకే దారి లేని చోట తిరిగే వాళ్లు ఎప్పుడూ పొడవైన, సన్నని పట్టీల కట్ట కోసం వెతుకుతారు, లావు కట్ట కోసం కాదు. అమెరికాలో మన జిప్సీకి అన్నదమ్ముల వరసయ్యే సుజుకి సమురాయ్ వాళ్లు 1987 నుంచి 1995 వరకు వచ్చిన జీప్ రాంగ్లర్ వైజే మోడల్ కట్టలు వేసుకునేది ఆ పొడవు కోసమే. ఆ కట్ట వెడల్పు రెండున్నర అంగుళాలు, సమురాయ్‌ది రెండే, అందుకని బ్రాకెట్లన్నీ మార్చుకోవాల్సి వచ్చినా ఆ తిప్పలు పడతారు. జీపు సమురాయ్ కంటే బరువైన బండి కాబట్టి మెత్తబడేదాకా కొన్ని పట్టీలు తీసేసేవాళ్లూ ఉన్నారు.

నాకు వాళ్లందరికంటే నచ్చేది జీప్ వాళ్ల ఇంకో బండి, చెరోకీ ఎక్స్‌జే ఉన్నవాళ్ల పద్ధతి. ఆ బండి మెయిన్ పట్టీని అలాగే ఉంచి, దాని కింద షెవర్లే ఎస్10 పికప్ పట్టీలని సర్దుతారు, రెండింటి వెడల్పూ ఒకటే కాబట్టి. బుష్ దూరే కన్ను, షాకిల్, బ్రాకెట్ ఏవీ మారవు. తీసుకున్నది వంపూ బలమూ మాత్రమే. నీకు కూడా నేను ఇదే దారి చెబుతాను.

గట్టిదనం ఇంట్లోనే కొలవొచ్చు, మిషన్లేమీ అక్కర్లేదు. చదునైన నేల మీద బండి పెట్టు, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలిచి రాసుకో. వెనక యాక్సిల్‌కి సరిగ్గా పైన పడేలా 50 కిలోల సిమెంటు బస్తాలు నాలుగు పెట్టు, బండిని రెండుసార్లు ఊపి వదిలెయ్యి, మళ్లీ కొలువు. 200 కిలోలకి, అంటే ఒక్కో కట్టకి 100 కిలోలకి, 25 మి.మీ. దిగితే నీ కట్ట 4 కిలోలకి ఒక మి.మీ. అన్నమాట. ఎవరిదైనా పికప్ దొరికితే దాని మీద కూడా ఇదే చెయ్యి. 200 కిలోలకి అది దిగిందో లేదో కూడా టేపులో తెలియకపోతే నేను ఇంత రాసినందుకు నన్ను క్షమించు, ఆ ఒక్క కొలతే చాలు. కట్ట విప్పి ఉంటే వెడల్పు, ఒక్కో పట్టీ మందం, కన్ను నుంచి కన్నుకి పొడవు, కన్ను లోపలి వ్యాసం చూడు. అన్నిటికంటే ముఖ్యం సెంటర్ బోల్ట్ ఎక్కడుందో. పేరుకి సెంటర్ కానీ చాలా కట్టల్లో అది మధ్యలో ఉండదు. ఒక అంగుళం తేడా వచ్చినా యాక్సిల్ ముందుకో వెనక్కో జరిగి టైరు మడ్‌గార్డ్‌కి రాసుకుంటుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ స్ప్లైన్ (ఒకదాంట్లో ఒకటి జారే పళ్ల జోడు) బిగుసుకోవడమో బయటికి రావడమో జరుగుతుంది.

పాత కట్ట కొనేటప్పుడు కళ్లతో చూడాల్సింది వేరే ఉంది. పట్టీలు విడదీయించి, కిరసనాయిలుతో కడిగించి, వైర్ బ్రష్ కొట్టించు. సెంటర్ బోల్ట్ రంధ్రం చుట్టూ, కన్ను మొదలయ్యే వంపు దగ్గర వెంట్రుక లాంటి సన్నని తుప్పు గీత కనిపిస్తే అది పగులు, ఆ పట్టీ ఎంత చవకైనా వదిలెయ్యి. కింది పట్టీ కొన రాపిడికి పై పట్టీ అడుగున లోతుగా అరిగి ఉన్నా అంతే. ఎవరైనా గ్యాస్ పెట్టి కాల్చి వంచుతానంటే, వెల్డింగ్ పెట్టి కన్ను అతికిస్తానంటే అక్కడినుంచి వచ్చెయ్యి. స్ప్రింగ్ స్టీల్‌కి ఆ గుణం వేడి చేసి నూనెలో ముంచి మళ్లీ కొలత ప్రకారం కాచడం వల్ల వస్తుంది, గ్యాస్ మంట తగిలిన చోట అది పోతుంది, ఆ చోటే విరుగుతుంది. పాడేరు ఘాట్‌లో దిగుతుండగా ముందు మెయిన్ పట్టీ విరిగితే యాక్సిల్ ఒకవైపు వెనక్కి జరుగుతుంది, అప్పుడు స్టీరింగ్ నీ చేతిలో ఉండదు. కమాన్ షాపులో సుత్తితో కొట్టించి వంపు తెప్పించడం వేరే సంగతి, అది అందరూ చేయిస్తారు, కానీ మళ్లీ కాచి టెంపర్ పెట్టకుండా ఊరికే కొట్టి ఇస్తే బరువు పడ్డాక మెల్లగా పాత దారికే వస్తుంది.

ముందు షాకిళ్ల గురించి. షాకిల్ ఎంత పెంచితే అందులో సగమే ఎత్తు వస్తుంది, రెండంగుళాలు పెంచితే ఒక అంగుళం. జిప్సీకి ముందు షాకిల్ కట్టకి ముందు వైపు ఉంటుంది, దాన్ని పొడుగు చేస్తే కట్ట ముందు కొన కిందికి దిగి యాక్సిల్ ముందుకి తిరుగుతుంది, కాస్టర్, అంటే ముందు చక్రం స్టీరింగ్‌తో తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గుతుంది. తగ్గితే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, రోడ్డు మీద వేగంలో బండి అటూ ఇటూ పోతుంటుంది, గుంట తగిలితే ముందు చక్రాలు రెండూ దడదడా కొట్టుకోవడం మొదలవుతుంది. దానికి తోడు డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల వైపు పోయే కడ్డీ) వాలు పెరిగి ప్రతి గుంటకీ స్టీరింగ్ లాగుతుంది. మొత్తానికి కంపెనీ దానికంటే అంగుళానికి మించి పొడుగున్న షాకిల్ జోలికి పోవద్దు, ఆపైన కావాలంటే కాస్టర్ సరిచేసే ఏటవాలు ఇనుప ముక్కలూ అలైన్‌మెంటూ కూడా లెక్కలో వేసుకోవాలి.

వెనక మాత్రమే వేస్తే చాలా అంటే, చాలదు. జిప్సీ వీల్‌బేస్ 2375 మి.మీ. వెనక మాత్రమే రెండంగుళాలు లేపితే బండి మొత్తం ముక్కు మీద సుమారు 1.2 డిగ్రీలు వాలుతుంది, ఆ 1.2 కూడా కాస్టర్ నుంచే పోతుంది. ఘాట్ దిగేటప్పుడు, అందులోనూ వెనక గట్టి కట్టలు ఖాళీ బండిని ఎగరేస్తుంటే, వెనక బ్రేకులు తొందరగా పట్టేస్తాయి. వాన పడిన రోడ్డు మీద అది మంచిది కాదు.

చాలామంది మర్చిపోయేవి ఇంకొన్ని ఉన్నాయి. బండి లేపాక ఛాసిస్‌కి జాకీ పెట్టి చక్రాలు పూర్తిగా వేలాడదీసి చూడు. షాక్ అబ్సార్బర్ ఆ కొసకి ముందే ఆగిపోతే చక్రం బరువంతా దాని కన్ను మీదే పడుతుంది, కొన్నాళ్లకి తెగుతుంది. బ్రేక్ హోస్ తీగలా బిగిసిందేమో చూడు, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడు. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు (కొసల్లోని కీళ్లు) ఎక్కడైనా పట్టేస్తున్నాయేమో చేత్తో తిప్పు. ఇదంతా గంటలోపు పని, షెడ్‌లోనే చేయించు, ఇంటికి తీసుకొచ్చాక కాదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన దానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. తోట దారిలో ఎవరూ ఆపకపోవచ్చు. కానీ నీది 15 ఏళ్లు దాటిన బండి, అయిదేళ్లకోసారి రెన్యువల్‌కి ఆర్టీవో ముందు నిలబెట్టాలి, ఏదైనా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు కిందికి వంగి చూసేది కూడా ఇలాంటివే. పికప్ కట్ట దూరం నుంచే తెలిసిపోతుంది. నీ కట్టే కొత్తగా ఉంటే ఎవరూ ఏమీ అనరు.

నీ చోట నేనుంటే ఇలా పోతాను. ఆ కట్టలు ఎప్పుడైనా మార్చావా? ఇరవై ఏళ్లు మోసిన కట్ట చదునైపోయి, కొన్నిసార్లు వెనక్కి వంగి కూడా ఉంటుంది. చాలా బండ్లకి లిఫ్ట్ అవసరమే ఉండదు, పోయిన ఎత్తు తిరిగి తెచ్చుకుంటే సరిపోతుంది. నాలుగు వైపులా జిప్సీ కొత్త కట్టలు, కొత్త బుష్‌లు, షాకిల్ పిన్నులు వేసి కొలిచి చూడు. ఇంకా కావాలంటే అదే వెడల్పున్న ఒక పట్టీ, వేరే జిప్సీ కట్టలో మూడోదో నాలుగోదో, కాస్త వంపు ఎక్కువ పెట్టించి మెయిన్ పట్టీ, రెండో పట్టీల కింద చేర్చు, ముందూ వెనకా రెండు చోట్లా. బస్తాలు వేసే రోజుల కోసం వెనక కట్ట అడుగున దాదాపు చదునుగా ఉండే గట్టి పట్టీ ఒకటి పెట్టించొచ్చు, ఖాళీగా ఉన్నప్పుడు అది పనిలోకి రాదు, బరువు పడి పై పట్టీలు దాని మీద ఆనినప్పుడే మోస్తుంది. పికప్ కట్టల్లో అడుగున ఉండేది ఇదే రకం, వెడల్పు కుదిరితే ఆ కట్ట నుంచి ఆ ఒక్క పట్టీ కొనుక్కో, మిగతాది అతనికే వదిలెయ్యి. తర్వాత 215/75 టైర్లు, ట్రాన్స్‌ఫర్ కేస్ కింద ఒక మందపాటి ఇనుప రేకు. కట్టని యాక్సిల్ పైకి మార్చి అయిదంగుళాల దాకా లేపే పద్ధతి ఒకటుంది, సమురాయ్ వాళ్లు చేస్తారు, దానికి స్టీరింగ్ లింకులు, యాక్సిల్ మీద వెల్డింగ్ దిమ్మలు, షాఫ్ట్ కోణాలు అన్నీ మార్చాలి. బస్తాలతో ఘాట్ ఎక్కి దిగే బండికి నేను చెప్పను.

కాయిల్ స్ప్రింగులున్న జిమ్నీ, కొత్త థార్ వాళ్లు కూడా ఇలాంటివి అడుగుతుంటారు కాబట్టి ఒక ముక్క: అక్కడ తీగ మందం నాలుగో ఘాతంలో లెక్కకొస్తుంది, 12 మి.మీ. తీగ బదులు 13 అయితే 38 శాతం గట్టి. కంటికి ఒకేలా కనిపించే రెండు స్ప్రింగుల మధ్య అంత తేడా ఉంటుంది, కాలిపర్ లేకుండా కొనొద్దు.

బిగించేటప్పుడు యూ బోల్టులు కొత్తవే వాడించు, ఒకసారి సాగినవి మళ్లీ పట్టవు. బుష్ బోల్టులు, షాకిల్ నట్లు బండి చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి, జాకీ మీద ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ టైట్ చేయించు, అప్పుడే హెడ్‌లైట్లు కూడా కిందికి దింపించు, లేకపోతే ఘాట్‌లో ఎదురొచ్చే వాళ్లు తిడతారు. సిమెంటు బస్తాల కొలతలు వచ్చాక రాసి పంపు, ఏ పట్టీ సరిపోతుందో అప్పుడు చెబుతాను.